సెప్టెంబర్ 28: తుగ్యానీ నాటి హైదరాబాద్

పాతబస్తీలో ఒక తరం పెద్దవాళ్ళని వయసడిగితే ఏ సంవత్సరంలో పుట్టారో చెప్పేవారు కాదు. తుగ్యానీకి, అంటే ఉర్దూలో వరదకి, ముందు పుట్టారా, తరవాత పుట్టారా, అదే లెక్క. పెళ్ళిళ్ళు, ఇళ్ళ పంపకాలు, పోయినవాళ్ళ తద్దినాలు అన్నీ ఆ ఒక్క రోజుకి అటో ఇటో పడేవి. 1908 సెప్టెంబర్ 28, సోమవారం. మూసీ నది హైదరాబాద్ నగరంలోకి వచ్చిన రోజు.

ఆ తరం వెళ్ళిపోయింది. ఆ రోజు ఆనవాళ్ళు మాత్రం మన కళ్ళ ముందే ఉన్నాయి. గండిపేట కట్ట, హిమాయత్ సాగర్ గేట్లు, నది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు, దాని పక్కన సిటీ కాలేజీ. వీటిలో ఏ ఒక్కదాని కథ అడిగినా చివరికి ఆ సోమవారం దగ్గరికే తీసుకెళ్తుంది. అంత పెద్ద రోజుని "ఆకాశానికి చిల్లు పడింది, మూసీ పొంగింది" అని రెండు ముక్కల్లో చెప్పేసి ఊరుకుంటే మనసొప్పదు. వాన పడిన మాట నిజమే. కానీ వాన ఒక్కటే అయితే నగరం అలా మునిగేది కాదు. అసలు సంగతి చెరువుల్లో ఉంది.

మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. దక్షిణం నుంచి వచ్చే ఈసా నది లంగర్‌హౌజ్ దగ్గర దాంట్లో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరే ఇప్పటి బాపూఘాట్. అక్కడి నుంచి నది పురానాపూల్, అఫ్జల్‌గంజ్, చాదర్‌ఘాట్ మీదుగా నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ తూర్పుకి పోయి, చివరికి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో పడుతుంది. హైదరాబాద్‌కి ఎగువన ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులో ఆనాడు 788 చెరువులు ఉండేవి. ఇంచుమించు చదరపు మైలుకి ఒక చెరువు. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణలో ఉన్న గొలుసుకట్టు పద్ధతి అది. పై చెరువు నిండితే మత్తడి దూకిన నీళ్ళు వాగులో పడి కింది చెరువుకి చేరతాయి. అది నిండితే దాని కిందిదానికి. మామూలు ఏడాదిలో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. ఎక్కడి వాన అక్కడే ఆగుతుంది, ఊరి బావుల్లో ఊట ఉంటుంది, నదికి వరద మెల్లగా చేరుతుంది.

చెరువుకి ప్రాణం మూడు చోట్ల ఉంటుంది. కట్ట, తూము, మత్తడి. కట్ట మట్టిది, నీళ్ళ వైపు రాతి పరుపు ఉంటుంది. తూము పొలాలకి నీళ్ళు వదిలే దారి. మత్తడి అంటే నిండిన చెరువు తనంతట తాను ఎక్కువ నీటిని బయటికి పంపుకునే రాతి కట్టడం. కట్ట పైభాగానికి, మత్తడి మట్టానికి మధ్య కొంత ఎత్తు వదులుతారు. ఆ నాలుగైదడుగుల ఖాళీయే చెరువు ప్రాణాన్ని కాపాడేది. మత్తడి మీంచి పోయేదానికన్నా వేగంగా నీళ్ళు వచ్చి పడుతుంటే ఆ ఖాళీ నిండిపోతుంది, నీళ్ళు కట్ట మీదికి ఎక్కుతాయి. రాతి పరుపు లోపలి వైపే ఉంటుంది, బయటి వైపు వట్టి మట్టి, మహా అయితే గడ్డి. కట్ట మీంచి దూకిన నీళ్ళు ముందు ఆ బయటి వాలుని కోస్తాయి. చిన్న పాయ పడుతుంది. పాయలో నీళ్ళు ఎక్కువ పారేకొద్దీ అది లోతవుతుంది, లోతయ్యేకొద్దీ నీళ్ళు ఇంకా ఎక్కువ పారతాయి. ఆ దశకి వచ్చాక ఇసుక బస్తాలు వేసినా ఆగదు. చూస్తుండగానే గండి పడి, ఏడాదంతా ఊరిని బతికించాల్సిన నీళ్ళు కాసేపట్లోనే కిందికి దూకేస్తాయి.

కింద ఇంకో చెరువు ఉంటుంది. అదీ నిండే ఉంటుంది. సెప్టెంబర్ ఆఖరు కదా, వానాకాలం చివర ఏ చెరువు మాత్రం ఖాళీగా ఉంటుంది? తన వాగు నీళ్ళు చాలవన్నట్టు పైచెరువు మొత్తం ఒకేసారి వచ్చి మీద పడితే ఏ మత్తడీ తట్టుకోలేదు. అలా ఒకటి తెగితే దాని కిందిది, దాని కిందిది. 1908లో ఈ పరీవాహకంలో తెగిన చెరువులు 221. నాలుగింట ఒకటి కన్నా ఎక్కువ.

ఇప్పుడు వాన లెక్క చూడండి. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు నమోదైంది. నేటి కొలతల్లో ఒక రోజులో 32 సెంటీమీటర్ల పైన, రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. 862 చదరపు మైళ్ళ మీద ఒక్క అంగుళం వాన సమానంగా పడితే అది సుమారు 2 టీఎంసీల నీరు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఆ లెక్కన శంషాబాద్ వాన అంతటా పడి ఉంటే ఒక్క రోజులోనే 25 టీఎంసీలు దాటేది. అన్ని చోట్లా అంత పడలేదు, పడిందంతా నదిలోకి రానూ లేదు. అయినా చెరువుల నీళ్ళు తోడై నగరం దగ్గర ప్రవాహం సెకనుకి 4,25,000 ఘనపుటడుగులకి, అంటే అన్ని క్యూసెక్కులకి, చేరిందని తరవాత ఇంజనీర్లు లెక్క కట్టారు. సెకనుకి ఇంచుమించు కోటీ ఇరవై లక్షల లీటర్లు.

అది ఏ రోజులో, ఏ వేళలో వచ్చిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. భాద్రపద అమావాస్య వెళ్ళి మూడు రోజులే అయింది. ఆశ్వయుజం వచ్చి దేవీ నవరాత్రులు మొదలయ్యాయి, బతుకమ్మ ఆడే రోజులు. రంజాన్ నెల కూడా అప్పుడే మొదలైంది. అంటే నగరంలో అన్ని గడపలూ పండగ వేళలో ఉన్నాయి. విదియ తదియల నాటి చంద్రుడు పొద్దుగూకిన కాసేపటికే అస్తమిస్తాడు, దానికి తోడు ముసురు. కన్ను పొడుచుకున్నా కనిపించని రాత్రి. ఎడతెగని వాన కాబట్టి జనం తలుపులు బిడాయించుకుని ఇళ్ళలోనే ఉన్నారు. ఆదివారం రాత్రి నుంచి నది పెరుగుతూ, సోమవారం తెల్లవారేసరికి ఒడ్డు దాటి బస్తీల్లోకి వచ్చేసింది.

నదికి దక్షిణాన నగర ప్రాకారం ఉండేది. ఇప్పుడు పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా తప్ప దాని ద్వారాలేవీ మిగల్లేదు గానీ, అప్పట్లో అది నది వెంబడి నిలబడ్డ గట్టి గోడ. చిన్న వరదలకి అదే అడ్డు. ఆ రోజు మాత్రం కొన్ని చోట్ల నీళ్ళు గోడ పైనుంచే పారాయి. గోడ వరదని ఆపినంతసేపు లోపలివాళ్ళకి ధైర్యం ఇస్తుంది. దాన్ని దాటుకుని లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోవాలంటే మళ్ళీ ఆ గోడే అడ్డం. ఉత్తరాన అంత గోడ లేదు. మైలులో మూడో వంతు వెడల్పున నీళ్ళు పరుచుకుని బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ వైపు దాకా వెళ్ళాయి. ఆ తరవాత అక్కడే కోఠి మహిళా కళాశాల వెలిసింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం.

చాలామంది ఎత్తయిన చోటు వెతుక్కుని ప్రాకారం బురుజుల మీదికి ఎక్కారు. పేట్ల బురుజు మీద వందల మంది చేరారు. బురుజు పునాది కింద మట్టిని వరద తినేసింది. పైన ఎంత గట్టి రాతి కట్టడమైనా కింద మట్టి జారితే నిలవదు. బురుజు కూలి, దాని మీద ఉన్నవాళ్ళంతా ప్రవాహంలో పడిపోయారు. ఈ ఒక్క సంగతి చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. వాళ్ళు చేసింది తప్పు కాదు. నీళ్ళొస్తే ఎత్తుకి ఎక్కమనే కదా ఎవరైనా చెప్పేది.

ఇళ్ళ సంగతీ అంతే. సామాన్యుల ఇళ్ళకి మట్టిగోడలు, పైన బరువైన మట్టిమిద్దె లేదా పెంకులు. మట్టిగోడ వానకి తట్టుకుంటుంది, ఎందుకంటే చూరు కాపాడుతుంది. అడుగున నీళ్ళు నిలిస్తే మాత్రం గోడ కింది నుంచి నానుతుంది. మూరెడు ఎత్తు నానేసరికి పైబరువు మోయలేక కుంగిపోతుంది, కప్పు మొత్తం లోపలివాళ్ళ మీద పడుతుంది. నీళ్ళు ఇంకా మోకాలి లోతే ఉన్నాయి కదా అని లోపలే ఉండిపోయిన కుటుంబాలకి కూడా అందుకే దారి లేకుండా పోయింది. సాధారణంగా చెప్పుకునే లెక్క ప్రకారం 19 వేల ఇళ్ళు పోయాయి, 80 వేల మంది నిలువ నీడ లేనివాళ్ళయ్యారు, సుమారు 15 వేల మంది చనిపోయారు. ఉర్దూలో రుబాయీలకి పేరుపొందిన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యని, కూతుర్ని పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు.

వంతెనల్లో అఫ్జల్‌గంజ్ నయాపూల్, ముసల్లం జంగ్ పూల్, చాదర్‌ఘాట్ వంతెన మూడూ దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపూల్ మాత్రం, దెబ్బలు తిన్నా, నిలబడింది. దగ్గరికి వెళ్ళి చూస్తే దాని స్తంభాలు ఎంత లావుగా ఉంటాయో తెలుస్తుంది. ఆనాటి మేస్త్రీలు బరువునే నమ్ముకున్నారు. వరదలో వంతెనలని పడగొట్టేది నీళ్ళొక్కటే కాదు. కొట్టుకొచ్చిన చెట్లు, దూలాలు, ఇంటికప్పులు కమానులకి అడ్డంపడి మూసేస్తాయి. అప్పుడు వంతెన ఆనకట్టగా మారి, ఎగువన నీళ్ళు ఇంకా పైకి లేస్తాయి, పక్కనున్న బస్తీల్లోకి తిరుగుతాయి. చివరికి ఆ ఒత్తిడికి వంతెనే పోతుంది.

ఇక చింతచెట్టు. అఫ్జల్‌గంజ్‌లో అప్పటి ఆసుపత్రి వరదకి పోయింది. దాని దగ్గరి అఫ్జల్ పార్కులో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని నగరం తరతరాలుగా చెప్పుకుంటోంది. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో బతికే ఉంది. బోదె చుట్టూ నలుగురు చేతులు పట్టుకుని నిలబడేంత గుబురు చెట్టు, బెరడు నిలువునా పగుళ్ళు, కింది కొమ్మలు అడ్డంగా చాచుకుని ఉంటాయి. ఎక్కడానికి అంత వీలైన చెట్టు ఇంకోటి ఉండదు. బురుజు కూలిన చోట చెట్టెలా నిలిచిందంటే, చింతకి తల్లివేరు లోతుగా దిగుతుంది, పక్కవేళ్ళు కొమ్మల విస్తీర్ణం దాటి పరుచుకుంటాయి. కొమ్మ వంగుతుందే గానీ ఓ పట్టాన విరగదు. ఆకు చిన్నది కాబట్టి గాలినీ నీటినీ వదిలేస్తుంది, పట్టి ఆపదు. రాతి బురుజుకి లేనిది ఆ వేళ్ళల్లో ఉంది. ఏటా సెప్టెంబర్ 28న నగరాన్ని ప్రేమించేవాళ్ళు ఆ చెట్టు కింద చేరి పోయినవాళ్ళని తలుచుకుంటారు. ఇంత మంచి ఆనవాయితీ ఏ ఊరికుంది?

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆ రోజుల్లో చేసిన పనులు జనం నోట ఇంకా ఉన్నాయి. తన మహళ్ళ తలుపులు బాధితులకి తెరిపించాడు, ఉచితంగా అన్నం పెట్టే వంటశాలలు నడిపించాడు. మూసీ శాంతించాలని పండితులు చెప్పగా పట్టుచీర, కొబ్బరికాయ, పసుపుకుంకుమలు నదికి సమర్పించి మొక్కాడని చెప్పుకుంటారు. సరోజినీ నాయుడు సహాయ కార్యక్రమాల్లో పనిచేశారు. ఆ సేవకి కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. జలియన్‌వాలా బాగ్ తరవాత ఆమె దాన్ని తిప్పి ఇచ్చేశారు.

అన్నం పెట్టడం, గూడు చూపించడం ఏ ప్రభువైనా చేస్తాడు. హైదరాబాద్ అదృష్టం ఏమిటంటే, అంతటితో ఆగకుండా ఇది మళ్ళీ జరగకుండా ఏం చేయాలన్న ప్రశ్న దర్బారు వేసుకుంది. దానికి సరైన మనిషిని వెతికింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య అప్పుడే బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం వదిలి యూరప్ పర్యటనలో ఉన్నారు. పుణె దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకి తనంతట తాను తెరుచుకునే గేట్లు అమర్చిన ఇంజనీరుగా ఆయనకి అప్పటికే పేరుంది. నిజాం ప్రభుత్వం పిలుపు అందుకుని, 1909 ఏప్రిల్ 15న హైదరాబాద్‌లో పని మొదలుపెట్టారు. అక్టోబర్ 1కి నివేదిక చేతికిచ్చారు. అయిదున్నర నెలలు. ఆ కాలంలో 862 చదరపు మైళ్ళు కొలతలు తీయించి, తెగిన చెరువులన్నీ లెక్క వేయించి, నది వెడల్పు, లోతు చూపే అడ్డుకోత పటాలు గీయించి, వరద ఎంత వచ్చిందో తేల్చి, పరిష్కారం రాశారు. ఫోటోలు తీసే ఉపగ్రహాలు లేని రోజులు. గొలుసు పట్టుకుని నడిచి కొలిచిన లెక్కలు.

ఆయన ముందున్న దారులు రెండు. నగరంలో నదికి రెండు వైపులా ఆకాశాన్నంటే గోడలు కట్టడం ఒకటి. 4,25,000 క్యూసెక్కులకి సరిపడా గోడలు కట్టాలంటే సగం ఊరు గోడల కిందికే పోతుంది, పైగా గోడ ఒక్కచోట తెగితే 1908 కన్నా ఘోరం. రెండోది, నీళ్ళు ఊరికి రాకముందే ఎగువన పట్టి ఉంచి, నది మోయగలిగినంత మేరకే వదలడం. ఆయన రెండో దారి ఎంచుకుని, మూసీ మీద ఒకటి, ఈసా మీద ఒకటి, నగరానికి కొద్ది మైళ్ళ ఎగువన రెండు జలాశయాలు సూచించారు. వాటితో పాటు నగరంలో నది ఒడ్లు సరిచేసి ఎత్తు పెంచడం, ఒడ్డు వెంబడి బాటలు, తోటలు వేయడం, మురుగునీటికి భూగర్భ కాలువలు. విడివిడిగా కాదు, అన్నీ కలిపి ఒకే పథకంగా. ఆయన గీసిన దారిలో ఆ పనులు నడిపించిన ఇంజనీరు సీ.టీ. దలాల్.

మహబూబ్ అలీఖాన్ 1911లోనే పోయారు. మిగిలిన పనంతా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో జరిగింది. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసా మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. రెండోదానికి ఆయన పెద్దకొడుకు పేరు పెట్టారు. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు. హిమాయత్ సాగర్ మట్టం 1,763.5 అడుగులు, నిల్వ 2.97 టీఎంసీలు.

ఇక్కడ కాస్త ఆగి ఒక లెక్క వేసుకోవాలి. రెండూ కలిపి 6.87 టీఎంసీలు. 4,25,000 క్యూసెక్కుల వరద ఎదురైతే ఒక టీఎంసీ నిండడానికి 39 నిమిషాలు పడుతుంది. అంటే రెండు జలాశయాలూ పూర్తిగా ఖాళీగా ఉన్నా నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. అంతే కాపాడతాయా అనిపిస్తుంది. కానీ అంతటి ఉధృతి గంటల తరబడి ఉండదు. వరదకి ఒక శిఖరం ఉంటుంది, ఆ శిఖరాన్ని కోసేస్తే చాలు, మిగతాది నది మోసుకుపోతుంది. ఆ కొన్ని గంటల జాగా జలాశయంలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. నిండుకుండలా పెట్టుకున్న జలాశయం వరదని ఆపలేదు. పైనుంచి ఎంత వస్తే అంతా కిందికి వదలక తప్పదు. అందుకే తాగునీటి కోసం చూసేవాడికి ఆగస్టులోనే నిండాలని ఉంటుంది, వరద కోసం చూసేవాడికి సెప్టెంబర్ ఆఖరు దాకా రెండడుగులైనా ఖాళీ ఉండాలని ఉంటుంది. ఈ రెండు కోరికల మధ్య గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీరు ప్రతి వానాకాలం నలుగుతూనే ఉంటాడు. ముందుగా కొద్దికొద్దిగా వదిలితే నీళ్ళు వృథా చేశారంటారు, ఆలస్యంగా ఒక్కసారే వదిలితే ఊరు ముంచారంటారు. మనస్ఫూర్తిగా చెప్పాలంటే ముందు వదిలినవాడిదే సరైన పని. వదిలిన నీళ్ళు మళ్ళీ వస్తాయి, మునిగిన బస్తీ మళ్ళీ రాదు.

గండిపేట నీళ్ళ రుచి వేరే చెప్పాలా? అంతకుముందు నగరం తాగింది హుస్సేన్ సాగర్, మీర్ ఆలం చెరువు, ఇంటింటి బావుల నీళ్ళు. ఉస్మాన్ సాగర్ వచ్చాక, అక్కడి నుంచి కట్టిన కాలువలో నీళ్ళు పల్లానికి వాటంతట అవే పారుతూ ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరేవి. పంపులక్కర్లేదు, కరెంటక్కర్లేదు. జలాశయం ఎత్తున ఉంది, ఊరు పల్లంలో ఉంది, అంతే. హిమాయత్ సాగర్ నీళ్ళు మీర్ ఆలం దగ్గరి వడపోత కేంద్రానికి వచ్చేవి. గండిపేట నీళ్ళు ఒకసారి తాగినవాడు ఈ ఊరు వదలడని మన పెద్దలన్నది ఊరికే కాదు. వరద కోసం కట్టిన చెరువు తరతరాలకి మంచినీళ్ళు పోసింది.

మీర్ ఆలం చెరువు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట. 1800ల తొలి దశకంలో కట్టిన ఆ ఆనకట్ట మట్టికట్ట కాదు, నీళ్ళ వైపుకి వంగిన 21 రాతి కమానులు వరసగా నిలబెట్టినది. కమాను మీద నీళ్ళ బరువు పడితే అది రాళ్ళని ఒకదానికొకటి ఇంకా గట్టిగా నొక్కుతుంది, ఆ ఒత్తిడి పక్కనున్న స్తంభాలకి దిగుతుంది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ కట్టడం నిలిచే ఉంది. జూపార్కుకి వెళ్ళినవాళ్ళు జంతువులతో పాటు దాన్నీ చూసి రావాలి.

నది ఒడ్డున వరద తుడిచిపెట్టిన జాగాల్లోనే కొత్త నగరం లేచింది. 1912 తరవాత నగరాభివృద్ధి సంస్థ పనులు చేపట్టింది. దక్షిణపు ఒడ్డున ఎర్రరాతి హైకోర్టు, 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైంది. పక్కన సిటీ కాలేజీ, ఎదురు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. ఈ మూడింటిలోనూ విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి చేయి ఉంది. నయాపూల్ మీద నిలబడి రెండు వైపులా చూస్తే గుమ్మటాలన్నీ నదివైపే మొహం పెట్టి ఉంటాయి. నదికి భయపడి వెనక్కి తిరిగి కట్టలేదు ఎవరూ. అది నాకెంతో నచ్చుతుంది.

ఆ తరవాత నగరం వరదలు చూడలేదా అంటే చూసింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13న 19 సెంటీమీటర్లు. ఆ రెండుసార్లూ ఎక్కువ మునిగింది నాలాలు పూడిపోయిన, చెరువు శిఖాల్లో ఇళ్ళు లేచిన కాలనీలే. శిఖం అంటే నిండిన చెరువు నీళ్ళు పరుచుకునే నేల. ఎండాకాలం అది ఎండి మైదానంలా కనిపిస్తుంది, కొనేవాడికి ప్లాటులా కనిపిస్తుంది. వాన మాత్రం పాత పటాన్నే చూసుకుని వస్తుంది. 2025లో అయితే సరిగ్గా సెప్టెంబర్ 26, 27 తేదీల్లోనే, రెండు జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. అర్ధరాత్రి ప్రయాణికుల్ని తాళ్ళ సాయంతో బయటికి తెచ్చారు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దగ్గర రాకపోకలు ఆగిపోయాయి. ఆ నీళ్ళు 1908 ప్రవాహంలో చిన్న భాగమే. బస్ స్టేషన్ ఉన్నది నది రెండు పాయల మధ్య లంకలో, కాబట్టి నదికి అదేం కొత్త చోటు కాదు.

1996లో వచ్చిన 111 జీవో ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకి అడ్డుకట్ట వేసింది. దాని మీద వాదాలు చాలా నడిచాయి, నడుస్తున్నాయి. జలాశయానికి నీళ్ళు తెచ్చే వాగులు, వాటి మీది చిన్న చెరువులు కూడా జలాశయంలో భాగమే అన్నది మాత్రం వాదానికి అతీతం. 788 చెరువుల్లో ప్రతి ఒక్కటీ తన మత్తడి తెరిచి, కట్ట గట్టిగా ఉంటే వరద శిఖరం అక్కడే కొంత తగ్గుతుంది. మత్తడికి అడ్డంగా ప్రహరీ కట్టిన చెరువు, తూము పూడిపోయిన చెరువు, కట్ట మీద కంపచెట్లు పెరిగి వేళ్ళు లోపలికి దిగిన చెరువు వానాకాలంలో ప్రమాదకరం. కంపచెట్టు ఎండి చచ్చాక వేరు కుళ్ళి, అది ఉన్న దారి కట్టలో బొరియగా మిగులుతుంది. నీళ్ళు ముందు అందులోంచే ఊరతాయి. ఊరే నీళ్ళు తేటగా ఉంటే కాస్త ఆగి చూడొచ్చు. మట్టిరంగుకి తిరిగితే కట్ట లోపల కోత మొదలైనట్టే, క్షణం ఆలస్యం చేయకుండా కింది ఊరిని లేపాలి. ఒకప్పుడు ఇవన్నీ చూసుకోవడానికి ప్రతి చెరువుకీ నీరటి ఉండేవాడు. వానొస్తే రాత్రంతా కట్ట మీదే తిరిగేవాడు. ఆ పని ఇప్పుడు ఎవరి బాధ్యతో ప్రతి ఊరూ తేల్చుకోవాలి.

ఈసారి సెప్టెంబర్ 28న ఎవరైనా ఆ దారి నడవాలనుకుంటే పడమటి నుంచి తూర్పుకి నడవండి, వరద వచ్చిన దిక్కు అదే. పురానాపూల్ దర్వాజా దగ్గర మొదలుపెట్టి వంతెన స్తంభాలు చూడండి. అక్కడి నుంచి దక్షిణపు ఒడ్డున పేట్ల బురుజు వైపు రండి, ఇప్పుడక్కడ ప్రసూతి ఆసుపత్రి ఉంది. ముసల్లం జంగ్ పూల్, సిటీ కాలేజీ, హైకోర్టు దాటి నయాపూల్ మీద నది దాటితే అఫ్జల్‌గంజ్. ఉస్మానియా ఆసుపత్రి లోపలికి వెళ్ళి చింతచెట్టు ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. ఆసుపత్రి కాబట్టి గుంపుగా వెళ్ళకండి, రోగుల దారికి అడ్డు రాకండి. చివర చాదర్‌ఘాట్. మధ్యలో ఆగి చూసుకుంటూ నడిస్తే ఒక పూట చాలు. పొద్దున్నే బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, నది కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ముందురోజు వాన పడి గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం ఒడ్డు దిగకుండా వంతెనల మీద నుంచే చూడండి.